స్టాక్ సీసా మీద రాసిన 100: ఫ్లోరైడ్ ప్రాజెక్టు డైరీ

జనవరి 4

ప్రాజెక్టు ఖాయమైంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఊళ్లలో 12 బోర్ల నీళ్లు తెచ్చి, ఒక్కోదానిలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలవాలి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సెమిస్టర్. నేనూ, నా ప్రాజెక్టు జోడీ, ఇద్దరమే.

ఈ అంశం నేనే అడిగి తీసుకున్నాను. మాది అటు వైపు ఊరే. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే వచ్చే గారపళ్లు, వంగిపోయిన నడుములు చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగాను. తాగేనీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మి.గ్రా. ఫ్లోరైడ్ దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. అంటే మేం కొలవబోయేది లీటరు నీళ్లలో ఒకటి రెండు మిల్లీగ్రాముల సంగతి. అంత చిన్న లెక్కలో తప్పు దొర్లితే ఒక బోరు మంచిదో చెడ్డదో తారుమారవుతుంది.

ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ మా ల్యాబ్‌లో లేదు. ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో చూపించే స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంది కాబట్టి స్పాడ్న్స్ పద్ధతిలో చేస్తున్నాం. జిర్కోనియం, స్పాడ్న్స్ రంగు కలిస్తే ఎర్రటి ద్రావణం వస్తుంది. అందులో ఫ్లోరైడ్ పడితే అది జిర్కోనియంను తనవైపు లాక్కుంటుంది, ఎరుపు తగ్గుతుంది. ఎంత తగ్గిందో 570 నానోమీటర్ల కాంతి దగ్గర చదవాలి. మామూలు కలరిమెట్రీలో గాఢత పెరిగితే రీడింగ్ పెరుగుతుంది, ఇక్కడ పెరిగిన కొద్దీ పడిపోతుంది. ఈ పద్ధతి 1.4 పీపీఎం వరకే నమ్మకంగా పనిచేస్తుంది. అంతకు మించిన శాంపిల్‌ని పలచన చేసి కొలవాల్సిందే. పీపీఎం అంటే మన లెక్కలో లీటరుకు ఒక మి.గ్రా.

జనవరి 7

ఈ రోజంతా స్టాక్ తయారీ.

జోడీ అడిగింది: "స్టాక్ ఎందుకే? 0.2 పీపీఎం కావాలంటే అంతే తూచి కలిపేద్దాం కదా." కాగితం మీద వేసి చూపించాను. 0.2 పీపీఎం ద్రావణం 50 మి.లీ. కావాలంటే అందులో ఉండాల్సిన ఫ్లోరైడ్ 0.01 మి.గ్రా. మా బ్యాలెన్స్ నాలుగు దశాంశాలది, అది చూపించే అతి చిన్న బరువు 0.1 మి.గ్రా. మనకు కావలసింది దాని కళ్లకే ఆనదు. అందుకే తూచగలిగినంత తూచి చిక్కటి స్టాక్ చేసుకుని, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా పలచన చేసుకుంటూ దిగాలి.

సోడియం ఫ్లోరైడ్‌ని ఓవెన్‌లో ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి తూచాం. గరాటులో పోసి, వాచ్ గ్లాస్‌కి అంటుకున్న పొడి కూడా వాష్ బాటిల్‌తో కడిగి ఫ్లాస్క్‌లోకే దించాం. 1 లీటరు స్టాండర్డ్ ఫ్లాస్క్‌లో మార్కు వరకు మేకప్, అంటే గీత దాకా నీళ్లు పోసి నింపడం. వెంటనే ప్లాస్టిక్ సీసాలోకి మార్చాం, ఎందుకంటే ఫ్లోరైడ్‌కి గాజు పడదు, నిల్వ ఉంచడానికి పాలిథీన్ సీసానే మంచిది.

నోట్‌బుక్‌లో రాసుకున్నది ఉన్నదున్నట్టు: "సోడియం ఫ్లోరైడ్ 0.1000 గ్రా., 1 లీటరు, స్టాక్ 100 పీపీఎం." సీసా మీద లేబుల్ కూడా అదే: 100.

జనవరి 8

పలచన చేసే లెక్క అందరికీ వచ్చిన సూత్రమే: సీ1వీ1 = సీ2వీ2. డిగ్రీలో బట్టీ పట్టాను. ఇవాళ మాత్రం దాని వెనక ఏముందో జోడీకి చెబుతూ నాకే స్పష్టంగా తెలిసింది. పెరుగులో నీళ్లు పోసి మజ్జిగ చేస్తే పలచబడుతుంది, గిన్నెలో ఉన్న పెరుగు మాత్రం అంతే. అలాగే పిపెట్‌తో తీసిన ద్రావణంలో ఎన్ని మి.గ్రా. ఫ్లోరైడ్ ఉందో, ఫ్లాస్క్‌లో నీళ్లు పోసిన తర్వాత కూడా అంతే ఉంటుంది. గాఢతని పరిమాణంతో గుణిస్తే వచ్చేది ఆ సరుకే. పోసే ముందూ పోసిన తర్వాతా అది సమానం, సూత్రమంతా ఇంతే. రెండు వైపులా యూనిట్లు ఒకటే ఉంటే చాలు, మి.లీ. అయినా లీటర్లయినా.

మొదటి మెట్టు: 100 నుంచి 10 పీపీఎం. స్టాక్ 10 మి.లీ. తీసి 100 మి.లీ. ఫ్లాస్క్‌లో మేకప్. రెండో మెట్టు: ఆ 10 పీపీఎం నుంచి స్టాండర్డ్‌లు, అంటే గాఢత ముందే తెలిసిన ద్రావణాలు. 0.2 పీపీఎం, 50 మి.లీ. కావాలంటే 0.2 × 50 ÷ 10, అంటే 1 మి.లీ. అలా 0.4కి 2 మి.లీ., 0.6కి 3, చివరికి 1.4కి 7 మి.లీ. ఎంత బాగా కుదిరిందో చూడండి. 10 పీపీఎం అనే మజిలీని ఎంచుకోవడంలో ఉన్న సౌకర్యం ఇదే.

అసలు ఆ మజిలీ లేకుండా నేరుగా 100 నుంచే 0.2 చేయొచ్చు కదా అనిపిస్తుంది. అప్పుడు 0.1 మి.లీ. తీయాలి. గీతల పిపెట్‌లో 0.01 మి.లీ. అటూ ఇటూ అయితే అక్కడే 10 శాతం తేడా. అదే 'ఎ' గ్రేడ్ 10 మి.లీ. బల్బ్ పిపెట్‌లో అనుమతించే తేడా 0.02 మి.లీ., అంటే 0.2 శాతం. మెట్లు ఎక్కువైతే తప్పులూ ఎక్కువని కొందరంటారు. పిపెట్ పెద్దదైతే రెండు మెట్ల దారే మేలని లెక్క వేసి చూసుకున్నాక నాకు ఏ అనుమానం లేదు.

చేతి పని గురించి ఒక మాట. పిపెట్‌ని ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆ తర్వాత తీయబోయే ద్రావణంతోనే రెండుసార్లు రిన్స్ చేయాలి. లోపల నీటి చెమ్మ ఉంటే మనకు తెలియకుండానే ఇంకో పలచన జరిగిపోతుంది. ఫ్లాస్క్‌ని మాత్రం ద్రావణంతో రిన్స్ చేయకూడదు, చేస్తే సరుకు ఎక్కువవుతుంది. ఫ్లాస్క్‌లో నీటి తడి ఉన్నా ఫర్వాలేదు, ఎలాగూ నీళ్లే పోస్తాం. నోటితో పీల్చొద్దని ల్యాబ్ అన్న రబ్బరు బల్బు చేతిలో పెట్టి మరీ చెప్పాడు. సోడియం ఫ్లోరైడ్ విషం. బల్బు తీసేసి పైన చూపుడువేలు పెట్టి, మెనిస్కస్ (ద్రావణం పైన కనిపించే వంపు) అడుగు గీతకి సరిగ్గా తాకేదాకా వేలు కొద్దికొద్దిగా వదలాలి. ఫ్లాస్క్ గోడకి మొన ఆనించి దానంతట అదే జారనివ్వాలి. కొసన మిగిలే ఆ ఒక్క బొట్టుని ఊదకూడదు, దాన్ని వదిలేసే లెక్కతోనే పిపెట్ మీద గీత గీశారు.

జనవరి 10

మొదటి క్యాలిబ్రేషన్, అంటే స్టాండర్డ్‌ల రీడింగ్‌లతో గ్రాఫ్ గీయడం. శాంపిల్స్‌ని తర్వాత దీని మీదే చదవాలి. ఒక్కో స్టాండర్డ్ 50 మి.లీ., దానికి 10 మి.లీ. స్పాడ్న్స్ రియేజెంట్.

బ్లాంక్, అంటే ఫ్లోరైడ్ లేని నీళ్లు, 0.612. చివరి స్టాండర్డ్, అంటే 1.4 పీపీఎం, 0.498. మధ్యలో చుక్కలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే గీత మీద కూర్చున్నాయి. చుక్కలు గీతకి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే ఆర్ స్క్వేర్ 0.998, పూర్తిగా కలిస్తే 1. మా ప్రాజెక్టు చూసే మేడమ్‌కి చూపిస్తే "చేతి పని బాగుందమ్మా" అన్నారు. ఇద్దరం ఎంత సంతోషపడ్డామో! సంక్రాంతికి ఆ గ్రాఫ్ ఫొటో ఫోన్‌లో పెట్టుకునే ఊరికెళ్లాను.

జనవరి 18

శాంపిల్స్ తెచ్చాం. బోరు వేసి కొద్దిసేపు నీళ్లు పోనిచ్చి, సీసాని అదే నీళ్లతో కడిగి పట్టాం. 7వ నంబరు బోరు ఒక అవ్వ ఇంటి ముందు ఉంది. సీసా నింపుతుంటే అడిగింది: "మా బోరు నీళ్లల్ల ఎంతుందో చెప్తావా బిడ్డా? ఎవలో వచ్చి పట్టుకపోతరు, మళ్ల ఎవలూ చెప్పరు."

చెప్తానని మాటిచ్చాను.

జనవరి 21

శాంపిల్ దేన్నీ నేరుగా కొలవలేకపోయాం, అన్నీ గీత దాటి పోతున్నాయి. అందుకే అయిదో వంతుకి పలచన చేయాలనుకున్నాం. 7వ శాంపిల్‌ని ఇద్దరం విడివిడిగా చేశాం.

నాకు 6.4 వచ్చింది. తనకు 5.3.

ఒకే సీసా నీళ్లు, ఒకే రియేజెంట్, ఒకే మిషను. సాయంత్రం దాకా క్యూవెట్లు (మిషనులో ద్రావణం పోసి పెట్టే చిన్న పాత్రలు) తుడుచుకుంటూ, మిషను ఆపి మళ్లీ వేస్తూ గడిపాం. చివరికి నేను అడిగాను, "నీళ్లు ఎంత పోశావే?" తను చెప్పింది: శాంపిల్ 10 మి.లీ. తీసి, దానికి 50 మి.లీ. నీళ్లు కలిపిందట.

అక్కడే తేడా. నేను 10 మి.లీ. తీసి 50 మి.లీ. ఫ్లాస్క్‌లో మార్కు వరకు నింపాను. మొత్తం 50, అంటే 5 రెట్లు. తనది మొత్తం 60, అంటే 6 రెట్లు. ఇద్దరం చివర్లో 5తోనే గుణించాం. 6.4ని 6తో భాగించి 5తో గుణిస్తే 5.3. లెక్క అణా పైసలతో సహా సరిపోయింది.

తప్పు తనది అనలేను. నోట్‌బుక్‌లో నేనే "1:5" అని రాసి వదిలేశాను. ఆ గుర్తుని కొందరు ఒక భాగానికి అయిదు భాగాల నీళ్లు అని చదువుతారు, కొందరు అయిదు భాగాల్లో ఒకటి అని చదువుతారు. రెండు రకాల పుస్తకాలూ ఉన్నాయి. ఇకనుంచి మా నోట్‌బుక్‌లో ఆ రెండు చుక్కల గుర్తు లేదు. "10 మి.లీ. తీసి 50 మి.లీ.కి మేకప్" అని పూర్తి వాక్యం రాస్తున్నాం. వంతు తర్వాత ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు.

జనవరి 24

12 శాంపిళ్లు పూర్తి. అన్నీ 5 రెట్లు, అన్నీ రెండేసి సార్లు. అతి తక్కువది 2.4, ఎక్కువది 7.1. అవ్వ బోరు 6.4.

రాత్రి నిద్ర పట్టలేదు. 6.4 అంటే పరిమితికి నాలుగు రెట్లు పైనే. అవ్వకి ఫోన్ చేసి చెప్పేద్దామని మేడమ్‌ని అడిగాను. ఆవిడ ఒకటే అన్నారు: "నీ గీత మీద నీ శాంపిల్స్ కొలిచావు. నీ గీతని దేంతో కొలిచావమ్మా?"

జవాబు దొరకలేదు.

జనవరి 28

మేడమ్ తనకు తెలిసిన వేరే ల్యాబ్ నుంచి ఒక చిన్న సీసా తెప్పించారు. కంపెనీ సర్టిఫికెట్ ఉన్న ఫ్లోరైడ్ స్టాండర్డ్, లీటరుకు 1000 మి.గ్రా. ఆవిడ చెప్పింది: మా స్టాక్‌ని ముట్టుకోకుండా, ఈ సీసా నుంచి మాత్రమే 0.4 పీపీఎం చేసి, మా గ్రాఫ్ మీద చదవాలి.

ఒకేసారి 1000 నుంచి 0.4కి, అంటే 2500 రెట్లు దిగాలి. మెట్లు వేసుకున్నాను: 10 మి.లీ. తీసి 100కి, 100 పీపీఎం. మళ్లీ 10 తీసి 100కి, 10 పీపీఎం. అందులో 2 మి.లీ. తీసి 50కి, 0.4. పది, పది, ఇరవై అయిదు. మూడింటినీ గుణిస్తే 2500, సరిపోయింది. ప్రతి మెట్టు దగ్గరా మూత బిగించి 20 సార్లు తలకిందులు చేశాను.

రీడింగ్ 0.540. మా గ్రాఫ్ మీద అది 0.88 పీపీఎం.

0.4 రావాల్సిన చోట 0.88! మళ్లీ మొదటి నుంచి చేశాను. 0.89.

జనవరి 29

రాత్రంతా ఇదే ఆలోచన. 0.88ని 0.4తో భాగిస్తే 2.2. ఈ 2.2 ఎక్కడిది?

పలచన చేయడంలో దొర్లే తప్పులకి ఒక గుర్తు ఉంటుంది. ఒక మెట్టు మరిచిపోతే 10 రెట్లు తేడా రావాలి. 100 మి.లీ. ఫ్లాస్క్‌కి బదులు 50ది తీసుకుంటే 2 రెట్లు. 10 మి.లీ.కి 90 బదులు 100 నీళ్లు కలిపితే 1.1. ఇవన్నీ గాజుసామాను సైజుల నుంచి పుట్టే అంకెలు. 2.2 వీటిలో ఏదీ కాదు. అంటే తప్పు పిపెట్‌లో లేదు, ఫ్లాస్క్‌లో లేదు. ఇంకెక్కడో, అంతకు ముందే జరిగి ఉండాలి.

పొద్దున టీ తాగుతూ నోట్‌బుక్ మొదటి పేజీ తీశాను. "సోడియం ఫ్లోరైడ్ 0.1000 గ్రా." చూడగానే గుండె ఆగినంత పనైంది.

మేం తూచింది ఉప్పుని. కావలసింది అందులోని ఫ్లోరైడ్. సోడియం ఫ్లోరైడ్ ఒక మోల్ 41.99 గ్రా., అందులో ఫ్లోరిన్ 19.00. 41.99ని 19.00తో భాగిస్తే 2.21. అంటే ఫ్లోరైడ్ 100 మి.గ్రా. కావాలంటే ఉప్పు 221 మి.గ్రా. తూచాలి. మేం 100 తూచి, 100 అని లేబుల్ రాశాం. ఆ సీసాలో నిజంగా ఉన్నది 45.2 పీపీఎం.

ఆ తర్వాత చేసినవన్నీ తప్పులేకుండా చేశాం. అందుకే గీత అంత తిన్నగా వచ్చింది. స్టాండర్డ్‌లన్నీ ఒకే సీసా నుంచి పుట్టినవే. తల్లి సీసా సగానికి తక్కువైతే పిల్లలన్నీ అదే నిష్పత్తిలో తక్కువ. చుక్కలు ఒకదానితో ఒకటి చక్కగా పొందికగానే ఉంటాయి. ఆర్ స్క్వేర్ చూసేది ఆ పొందికనే, సీసా మీద రాసిన అంకె నిజమా కాదా అన్నది దానికి తెలియదు. 19 రోజులు ఆ 0.998ని చూసి నేను ధీమాగా ఉన్నాను.

మేడమ్ దగ్గరికి వెళ్లి నోట్‌బుక్ తెరిచి చూపించాను. కోప్పడలేదు. "కొట్టేయకు. ఒక్క గీత గీసి, పక్కన తేదీ వేసి, సరైనది రాయి" అన్నారు. అలాగే రాశాను.

జనవరి 31

కొత్త స్టాక్. తూచింది 0.2210 గ్రా., 1 లీటరు. లేబుల్ మీద ఈసారి ఒక్క అంకె కాదు: పదార్థం పేరు, తూచిన బరువు, పరిమాణం, "ఫ్లోరైడ్‌గా 100 పీపీఎం", తేదీ, ఇద్దరి పొడి అక్షరాలు. బరువు రాసి ఉంటే రేపు ఎవరైనా లెక్క తిరిగి వేసి చూసుకోగలరు. వట్టి 100 అని ఉంటే నమ్మడం తప్ప దారి లేదు.

కొత్త క్యాలిబ్రేషన్. బ్లాంక్ అదే 0.612. చివరి స్టాండర్డ్ 0.360. పాత గీత కంటే రెండింతలకు పైగా ఏటవాలు. రెండు గ్రాఫ్‌లూ ఒకే కాగితం మీద గీసి నోట్‌బుక్‌లో అంటించాం. సర్టిఫికెట్ సీసా నుంచి చేసిన 0.4 ఇప్పుడు 0.40 చదివింది. జోడీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఫిబ్రవరి 3 నుంచి 6

పాత అంకెలన్నింటినీ 2.21తో భాగించేస్తే పని అయిపోతుంది కదా అని జోడీ అంది. లెక్క ప్రకారం నిజమే. నాకు మనసొప్పలేదు. ఊరి వాళ్లకి చెప్పే అంకె కొలిచిన అంకె అయి ఉండాలి. 12 శాంపిళ్లూ మళ్లీ చేశాం.

ఈసారి ఒకటి కలిపాం. ప్రతి శాంపిల్‌ని రెండు వేర్వేరు పలచనల్లో కొలిచాం: 10 మి.లీ. తీసి 50కి ఒకటి, 20 మి.లీ. తీసి 50కి ఇంకొకటి. అంటే 5 రెట్లు, 2.5 రెట్లు. మా వైపు బోరు నీళ్లలో క్షారత ఎక్కువ. అది మితిమీరి ఉంటే రంగుని అదీ కదిలిస్తుంది. అలాంటి అడ్డంకి ఏదైనా ఉంటే రెండు పలచనల జవాబులు కలవవు. 7వ శాంపిల్: మొదటిది 0.58 చదివింది, 5తో గుణిస్తే 2.90. రెండోది 1.17 చదివింది, 2.5తో గుణిస్తే 2.93. కలిశాయి. మిగతావి కూడా కలిశాయి, 11వ నంబరు తప్ప. దాన్ని విడిగా చూడాలి.

చివరి లెక్కలో అతి తక్కువది 1.1, ఎక్కువది 3.2. అవ్వ బోరు 2.9.

ఆ రోజు ఫోన్ చేసి 6.4 అని చెప్పి ఉంటే? 1.1 వచ్చిన బోరు నీళ్లని 2.4 అని చెప్పి, ఆ ఇంటి వాళ్లని భయపెట్టి ఉండేవాళ్లం. నిజానికి అది వేరే నీళ్లు లేకపోతే తాగొచ్చన్న హద్దులోపలే ఉంది. మేడమ్ ఆపినందుకు ఆవిడకి ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

ఫిబ్రవరి 9

ఊరికి వెళ్లాను. అవ్వ అరుగు మీద కూర్చుని కంది బేడలు చెరుగుతోంది.

"ఎంతుంది బిడ్డా?"

"లీటరుకి 2.9 మిల్లీగ్రాములు అవ్వా. ఒకటిన్నర దాటొద్దు."

"తాగుడు ఎప్పుడో బంజేసినం. నల్లా నీళ్లే తాగుతున్నం. పప్పుకు మాత్రం గీ నీళ్లే పోస్త. జెల్ది ఉడుకుతది."

ఇది నేను అనుకోని మాట. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో చాలాసార్లు కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ. పప్పు తొందరగా మెత్తబడేది అందుకే. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందనుకుంటోంది అవ్వ. పోదు. రెండు గ్లాసుల నీళ్లు మరిగి ఒక గ్లాసు అయితే ఫ్లోరైడ్ అంతే ఉంటుంది, గాఢత రెట్టింపవుతుంది. మా సీ1వీ1 వెనక్కి నడిచినట్టు. అవ్వకి ఉప్పు చారుతో చెప్పాను: "చారు ఇంకితే ఉప్పెక్కువైతది కదా అవ్వా, గట్లనే." కాసేపు నా మొహం చూసి, చాట పక్కన పెట్టి, "అయితే పప్పుకు సుత నల్లా నీళ్లేనా?" అంది.

అవునన్నాను. "మరి ఆ నల్లా నీళ్లల్ల ఎంతుందో చూసినవా?"

చూడలేదు. సంచిలో ఖాళీ సీసా ఒకటి మిగిలి ఉంది. నల్లా తిప్పి, మూడుసార్లు కడిగి నింపాను. 13వ నంబరు. ఈ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది కూడా రంగుని హరిస్తుంది కాబట్టి రియేజెంట్ కంటే ముందు సోడియం ఆర్సెనైట్ చుక్క వేయాలి. పలచన చేయకుండా నేరుగా 50 మి.లీ. సోమవారం పెడతాం.